తీయించేశాం అన్నదెవరు?

విజయవాడ సూర్యారావుపేటలో సాయంత్రం ఏడు దాటితే ఫుట్‌పాత్ మీద నడిచే దారి ఉండదు. మందుల షాపుల ముందు బైకులు, ఇడ్లీ బళ్లు, స్కానింగ్ కవరు చంకలో పెట్టుకుని ఆటో కోసం చూసే జనం. ఈ మధ్య ఆ రద్దీలోనే ఓ పాతిక మంది కథోలికులు, ఎక్కువగా ఆడవాళ్లు, కొవ్వొత్తులూ జపమాలలూ పట్టుకుని నిలబడ్డారు. మైకు లేదు, నినాదాల్లేవు, పెదాలు కదులుతున్నాయంతే. ఒక ఆటో అతను బండి స్లో చేసి "ఎవరు పోయారమ్మా?" అని అడిగితే, ఓ పెద్దావిడ "ఎవరూ పోలేదు బాబూ, పుట్టకుండా పోయినవాళ్ల కోసం" అంది. అతను ఓ క్షణం చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు మా ఆఫీసుకి రెండు రకాల ఫోన్లు. ఆస్పత్రుల ముందు అబార్షన్‌కు వ్యతిరేకంగా ఈ ప్రార్థనలేంటి, పోలీసులు నిద్రపోతున్నారా అని కొందరు. ఇంత మంచి పని చేస్తే మీ పేపర్లో నాలుగు లైన్లు కూడా వేయలేదేం అని ఇంకొందరు. ఇద్దరికీ కలిపి ఒకే జవాబు రాస్తున్నాం, ఇద్దరికీ నచ్చకపోవచ్చు.

ముందు మా సంగతి చెప్పేస్తాం. 1971 నాటి అబార్షన్ చట్టం ఉండాలనే మేం అనుకుంటాం. అది ఊరికే వచ్చిన చట్టం కాదు. దొంగచాటుగా కడుపు తీయించుకోబోయి ఆడవాళ్లు చచ్చిపోతుంటే 1964లో శాంతిలాల్ షా కమిటీ వేశారు, ఆ కమిటీ సిఫారసుల మీద వచ్చిన చట్టం ఇది. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు, 24 వారాల దాకా కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, ఆపైన బిడ్డకు తీవ్రమైన లోపాలుంటే మెడికల్ బోర్డు చూడాలి. చాలామంది అనుకుంటున్నట్టు అడిగిన వెంటనే చేసిపెట్టే పని కాదిది. ఆ షరతుల బయట చేస్తే ఇప్పటికీ నేరమే, భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ అదే చెబుతుంది. 2023 అక్టోబరులో ఇద్దరు పిల్లల తల్లి 26 వారాల గర్భం తీయించుకోవడానికి అనుమతి ఇమ్మని అడిగితే సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చి, మళ్లీ ఆపి, చివరికి కుదరదంది. అంత పెద్ద కోర్టే అన్ని మలుపులు తిరిగిందంటే, ఈ విషయంలో ఎవరి నోటి నుంచైనా తడుముకోకుండా తీర్పు వస్తుంటే మాకు కాస్త అనుమానంగానే ఉంటుంది.

అయితే చట్టం ఉండాలన్న మేమే, దాన్ని వద్దనేవాళ్లు రోడ్డు మీద మోకరించి ప్రార్థించుకునే హక్కు కూడా ఉండాలంటాం. కథోలికులకు ఇది రాజకీయం కంటే ముందు విశ్వాసం. కడుపులో పడ్డ క్షణం నుంచే అది ప్రాణమని వాళ్ల సంఘం చెబుతుంది. 1979లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంటూ మదర్ థెరిసా ఆ వేదిక మీదే అబార్షన్ గురించి మాట్లాడింది, అక్కడ కూర్చున్నవాళ్లలో ఎంతమందికి నచ్చుతుందో లెక్క చూసుకోలేదు. మన చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది 1971 ఆగస్టు 10న. యాభై ఏళ్లు నిండిన 2021లో ఆ రోజును సంతాప దినంగా పాటించాలని దేశంలోని కథోలిక సంఘం పిలుపునిచ్చింది. పార్లమెంటు చేసిన చట్టానికి సంతాపమేంటని అడగొచ్చు. అడగండి, వాళ్లూ జవాబు చెబుతారు, దాన్నే ప్రజాస్వామ్యం అంటాం.

ఇంగ్లండ్‌లో ఈ గొడవ ఎక్కడిదాకా పోయిందో తెలుసుకుంటే మంచిది. అబార్షన్ క్లినిక్ దగ్గర నోరు మెదపకుండా నిలబడ్డ ఒక మహిళను 2022 చివర్లో బర్మింగ్‌హామ్‌లో పోలీసులు అరెస్టు చేశారు. మనసులో ప్రార్థించుకుంటుండవచ్చు అందామె, అదే ఆమె మీద కేసైంది. తర్వాత కేసు నిలవలేదు, పోలీసులే పరిహారం కట్టారు. 2024 అక్టోబరు 31 నుంచి అక్కడ క్లినిక్‌ల చుట్టూ 150 మీటర్ల దాకా ఇలాంటివి నిషేధం. మనసులో ఏమనుకుంటున్నావని కానిస్టేబులు అడిగే రోజు మన బెజవాడకు రాకూడదు. పోలీసు చట్టం సెక్షన్ 30 పేరు చెప్పి పాతిక మంది ఆడవాళ్లను వ్యాన్ ఎక్కించాలని ఫోన్ చేసినవాళ్లకు ఇదే మా మాట.

ఇప్పుడు రెండో ఫోన్ చేసినవాళ్లతో. సినిమాల్లో, వీడియోల్లో చూపించే అమెరికా క్లినిక్ అబార్షన్ల కోసమే పెట్టింది, దాని గేటు దగ్గర నిలబడితే లోపలికి వెళ్లేది ఎందుకో తెలుస్తుంది. మన సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో అలా ఎక్కడుంది? ఒకే మెట్ల మీద జ్వరం పిల్లాడు, నెలలు నిండిన కోడలు, పిల్లల్లేక ఏళ్ల తరబడి తిరుగుతున్న జంట, అందరూ ఎక్కుతారు. వాళ్ల మధ్యే పెళ్లయిన ఎనిమిదేళ్లకు కడుపు పండి మూడో నెలలో గర్భం పోయిన పిల్ల ఒకతి ఉంటుంది, డీ అండ్ సీ (గర్భసంచి శుభ్రం) చేయించుకుని, మొగుడి భుజం పట్టుకుని దిగుతూ ఉంటుంది. ఎదురుగా కొవ్వొత్తులు, 'నన్ను చంపకమ్మా' అని రాసిన అట్ట. ఆ అట్ట ఎవరి కోసం రాశారో ఆ పిల్లకి చెప్పేదెవరు? ఆమె గుణదల కొండెక్కి మొక్కుకుని వచ్చిన పిల్లే కావచ్చు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే ఆ తిరునాళ్లలో బిడ్డ కోసం దండం పెట్టేవాళ్లలో బొట్టు పెట్టుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారో కొండ మీద స్వచ్ఛంద సేవకులను అడిగితే చెబుతారు.

పైగా గేటు దగ్గర నిలబడితే అసలు విషయం వెనకాల నుంచి పోతుంది. 2015లో దేశం మొత్తం మీద 1.56 కోట్ల అబార్షన్లు జరిగి ఉంటాయని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది, అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆస్పత్రికి రాకుండా మాత్రలతో అయిపోయినవే. డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన కిట్టు, కౌంటర్ మీద చెయ్యి మారుతుంది. మిగతాది ఇంటి బాత్రూములో, తలుపు గడియ పెట్టుకుని. రక్తం ఆగకపోతే అప్పుడు ఆటో, అప్పుడు సూర్యారావుపేట.

మాట మన భాషలోనే ఉంది, గమనించారో లేదో. 'తీయించుకున్నాను' అని ఆడపిల్ల అనడం ఎప్పుడైనా విన్నామా అంటే అరుదుగా విన్నాం. మన ఇళ్లలో ఎక్కువగా వినపడేది 'మా కోడలికి తీయించేశాం' అన్న మాట. తీయించింది అత్తగారు, తీయించింది మొగుడు, లేదా పరువు పోతుందని భయపడ్డ నాన్న. చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన ఆడమనిషి అబార్షన్‌కు ఆమె ఒక్కతి ఒప్పుకుంటే చాలు, మొగుడి సంతకం అక్కర్లేదు. ఆ ఒప్పుకోలు ఇంట్లో ఎలా పుట్టిందో ఏ ఫారం అడగదు. పుట్టబోయే బిడ్డ లింగ నిర్ధారణ 1994 నాటి చట్టం ప్రకారం నేరం. అయినా 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యి మందికి 961 మంది ఉన్న ఆడపిల్లలు 2011 నాటికి 939కి పడిపోయారు. ఆ తేడా ఒక్క మతం ఇళ్లలోంచి రాలేదు. ఆర్‌సీఎం (రోమన్ కథోలిక్) చర్చిలో ముందు వరసలో కూర్చునే కుటుంబాల్లో కూడా రెండో ఆడపిల్ల పుడితే ముఖాలు ఎలా మారతాయో మేం చూశాం, మీరూ చూశారు.

ఇది మేం కొత్తగా కనిపెట్టిన మాట కూడా కాదు. 1995 మార్చి 25న, మంగళవార్త పండుగ రోజున, పోప్ రెండో జాన్ పాల్ సంఘమంతటికీ రాసిన విశ్వలేఖలో ఈ సంగతి స్పష్టంగా ఉంది: బిడ్డ తండ్రి ఒత్తిడి చేయడం, చేయకపోయినా ఆమెను ఒంటరిగా వదిలేయడం, చుట్టాలూ స్నేహితులూ తోసేయడం, అన్నీ ఆ పాపంలో భాగమేనని. అదే లేఖలో అబార్షన్ చేయించుకున్న ఆడవాళ్లతో కోపంగా కాదు, ధైర్యం చెబుతూ మాట్లాడాడు. 2016లో పోప్ ఫ్రాన్సిస్ ఈ పాపానికి క్షమాపణ ఇచ్చే అధికారం చర్చి ఫాదర్లందరికీ శాశ్వతంగా ఇచ్చేశాడు, బిషప్ అనుమతి కోసం చూడక్కర్లేకుండా. సంఘం తలుపు అంత తెరిచి పెట్టాక, ఆస్పత్రి మెట్ల మీద ఆమెను అట్టముక్కలతో ఆపడం దేనికో మాకు అర్థం కాదు. పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ దగ్గర పాపం ఒప్పుకోవడానికి, ఏడుస్తూ వచ్చేది ఎప్పుడూ ఆమే. తీయించినవాళ్లు ఆ వరసలో నిలబడరు, వాళ్లకేమీ గుర్తుండదు కూడా.

కాబట్టి మా సలహా, అడక్కపోయినా. జపమాల ఊళ్లోకి తీసుకెళ్లండి, ఇళ్లలోకి తీసుకెళ్లండి. పెళ్లికి ముందు చర్చిల్లో పెట్టే తరగతులకు అబ్బాయిల తల్లుల్ని కూడా పిలవండి, వాళ్లను కూర్చోబెట్టి ఈ 961, 939 లెక్క చెప్పండి. పెళ్లి కాకుండా కడుపొచ్చిన పిల్లను ఇంట్లోంచి గెంటేసిన తండ్రి దగ్గరికి నలుగురు పెద్దమనుషులు వెళ్లండి, వెళ్లి తిట్లు తినండి. బిడ్డను కని పెంచలేనన్న పిల్లకు 1098 అనే చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరుందని, చట్టబద్ధంగా దత్తత ఇచ్చే దారి ఉందని చర్చి నోటీసు బోర్డు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. విజయవాడ నిర్మల్ హృదయ్ భవన్‌లో ఎవరికీ అక్కర్లేనివాళ్లను కడిగి, తుడిచి, అన్నం పెట్టే సిస్టర్లు ఏ ప్లకార్డూ పట్టుకోరు. వాళ్లు ప్రాణం గురించి మాట్లాడితే అబార్షన్ హక్కు కావాలనేవాళ్లు కూడా కూర్చుని వింటారు. మేమైతే వింటాం.

చట్టం మారాలంటారా, దానికి అలంకార్ సెంటర్ ధర్నా చౌక్ ఉంది. అంగన్‌వాడీలు కూర్చున్న చోటే కూర్చోవచ్చు, కొవ్వొత్తులు వెలిగించుకోవచ్చు, ఎమ్మెల్యేలనూ ఎంపీలనూ పేరు పెట్టి అడగొచ్చు. అక్కడ పోలీసులు అనుమతి ఇవ్వకపోతే మాకు చెప్పండి, మొదటి పేజీలో రాస్తాం. ఇంకో విషయం, ఆ సాయంత్రం జపం చెప్పుకునేవాళ్ల వెనక ఓ కుర్రాడు ఫోన్ పట్టుకుని ఆస్పత్రి మెట్లు దిగేవాళ్ల ముఖాలు వీడియో తీస్తున్నాడు. అబార్షన్ చేయించుకున్న మహిళ వివరాలు డాక్టరు బయటపెడితేనే 2021 సవరణ ప్రకారం ఏడాది దాకా జైలు, అలాంటిది ఈ అబ్బాయికి ఆ ముఖాలతో ఏం పని? ఆ వీడియో మాకూ పంపాడు, వేసుకోండని. వేయలేదు. వచ్చే ఆగస్టు 10న ధర్నా చౌక్‌లో కూర్చుంటే మా విలేకరి వస్తాడు, ఫొటోగ్రాఫరూ వస్తాడు.