కర్పూరం మూటతో ఖర్దుంగ్‌లా ఎక్కేవాళ్లకి

ఆ లద్దాఖ్ మెసేజ్ మంగళవారం మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. బుధవారం మార్నింగ్ వాకర్స్ గ్రూపులో. గురువారం అత్తగారి తరఫు చుట్టాల గ్రూపులో, పైన రెండు బాణం గుర్తులతో. నిన్న శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ తాగుతుంటే ఒకాయన ఫోను నా మొహం ముందు పెట్టి, "ఏటి మాస్టారూ, ఇది చూసినారా?" అన్నాడు. చూశాను బాబూ, ఇది నాలుగోసారి. "చచ్చేలోగా ఒక్కసారైనా లద్దాఖ్ వెళ్లడానికి 12 కారణాలు."

వెళ్లొద్దని నేననడం లేదు. రెండేళ్ల కిందట జూలైలో నేనూ మా తోడల్లుడూ కుటుంబాలతో వెళ్లొచ్చాం. ఒళ్లు మండుతున్నది అందుకే.

మొదటి కారణం: ఖర్దుంగ్‌లా ప్రపంచంలోనే ఎత్తైన రోడ్డు, 18,380 అడుగులు. ఆ అంకె అక్కడి బోర్డు మీద ఏళ్ల తరబడి ఉన్నదే. జీపీఎస్‌తో కొలిస్తే 17,582 అడుగులే తేలింది. పైగా అదే లద్దాఖ్‌లో ఉమ్లింగ్‌లా రోడ్డు 19,024 అడుగుల మీద ఉంది. ఫొటో దిగండి, "ప్రపంచంలోనే" అన్న ముక్క మాత్రం స్టేటస్‌లో తీసేయండి.

రెండోది: ఏడాది పొడుగునా మంచులో ఆడుకోవచ్చు. లేహ్ ఉన్నది ఎడారిలో. చలి ఎడారి. ఏడాది మొత్తానికి వానా మంచూ కలిపి నాలుగంగుళాలు పడితే గొప్ప. మనకి ఒక్క వాయుగుండం పడితే రెండు రోజుల్లో అంతకు మించి కురుస్తుంది. జూలై మధ్యాహ్నం లేహ్ బజార్లో మేం స్వెట్టర్లు నడుముకి కట్టుకుని తిరిగాం. మా అబ్బాయికి ముక్కు మీద తోలు ఊడింది, ఎండకి.

మూడోది మాగ్నెటిక్ హిల్. ఇంజను ఆపినా బండి దానంతటదే కొండ ఎక్కేస్తుందట. బండి దిగుతోంది స్వామీ. చుట్టూ కొండల వాలు వల్ల పల్లం మిట్టలా కనబడుతుంది, కంటి భ్రమ. అయస్కాంతమే అయితే కారు కన్నా ముందు మా ఆవిడ పిన్నీసులు ఎగిరిపోవాలి.

నాలుగోది, ఇప్పుడు రైల్లో కూడా వెళ్లొచ్చు. 2025 జూన్‌లో రైలు వెళ్లింది శ్రీనగర్‌కి. అక్కడి నుంచి లేహ్ ఇంకా 420 కిలోమీటర్లు, జోజిలా కనుమ దాటి, రోడ్డు మీద. ఐదోది, పాంగాంగ్ మంచినీళ్ల సరస్సు. ఉప్పునీళ్లది. నమ్మకపోతే నాలిక పెట్టి చూసుకోండి.

ఇక ఆరో కారణం. ఈ మెసేజ్‌లో ఇది ఒక్కటీ లేకపోతే నేను నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "ఆక్సిజన్ తక్కువ అని భయపెడతారు, నమ్మకండి. కర్పూరం, వాము, లవంగాలు, నాలుగు చుక్కల నీలగిరి తైలం మూట కట్టి వాసన చూస్తుంటే ఆక్సిజన్ లెవెల్ పెరుగుతుంది. కరోనాలో ఎందరినో కాపాడింది ఇదే. కుర్రాళ్లకి ఇది కూడా అక్కర్లేదు. దిగిన రోజే ఖర్దుంగ్‌లా చూసేస్తే ఒక రోజు ఖర్చు మిగులుతుంది."

ఈ మూట నాకు పాత చుట్టమే. 2021 ఏప్రిల్‌లో బెడ్ల కోసం, సిలిండర్ల కోసం మనం పరిగెడుతున్నప్పుడు వాట్సాప్‌లో ఇదే తిరిగింది. అప్పుడు దానికి సాక్ష్యం ఏం చెప్పారో గుర్తుందా? లద్దాఖ్‌లో టూరిస్టులకి ఆక్సిజన్ పడిపోతే ఇదే ఇస్తారని. ఇప్పుడు లద్దాఖ్‌కి సాక్ష్యం కరోనా. అప్పు ఎగ్గొట్టే ఇద్దరు ఒకరికొకరు జామీను సంతకం పెట్టుకున్నట్టుంది.

గాలిలో ఆక్సిజన్ వాటా కళింగపట్నం బీచ్‌లోనూ లేహ్‌లోనూ ఒకటే, 21 శాతం. పైకి వెళ్లేకొద్దీ గాలే పలచబడుతుంది. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. అక్కడ ఒక్కో ఊపిరికీ అందే ఆక్సిజన్ మనకి ఇక్కడ అందేదాంట్లో మూడింట రెండొంతులు. ఖర్దుంగ్‌లా మీద దాదాపు సగం. కర్పూరం ముక్కులో చల్లదనం తెలిసే నరాలను తడుతుంది కాబట్టి ఊపిరి హాయిగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది. రక్తంలోకి వెళ్లేది మాత్రం వీసమెత్తు పెరగదు. ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు, వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూశాను.

మా ప్యాకేజీ ఏజెంటు కూడా ఒక రోజు మిగిల్చాడు. విమానం దిగిన మర్నాడే ఖర్దుంగ్‌లా. ఒప్పుకున్నది మేమే, బుద్ధి తక్కువై. మా తోడల్లుడికి 46 ఏళ్లు, రోజూ అరసవల్లి దాకా నడిచి వచ్చే మనిషి. రాత్రంతా తలనొప్పి అన్నాడు. ప్రయాణం బడలిక అనుకున్నాం. పైన కారు దిగి ఫొటోకి నిలబడబోయి, గోడ మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. పెదాలు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. మాట ముద్దగా వస్తోంది. వేలికి ఆక్సీమీటర్ పెడితే 66. మా మరదలు బ్యాగులోంచి మూట తీసి ముక్కు దగ్గర పెట్టింది, అది కట్టి ఇచ్చింది మా అత్తగారు. 66. మూట అరచేతిలో నలిపి మళ్లీ పెట్టింది. 65. "బావగారూ, కదలట్లేదండీ" అంది.

మా డ్రైవరు లద్దాఖీ కుర్రాడు. మూట వైపు చూడనైనా లేదు. మనిషిని ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టి "నీచే, నీచే" అంటూ బండి తిప్పాడు. సగం ఘాటు దిగేసరికి 74. లేహ్ చేరేసరికి 83. ఆ రాత్రి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, తెల్లారి ఇడ్లీ అడిగాడు. ఆ అంకెను పెంచింది కిందికి దిగిన రోడ్డు. మూట కారు డోరులో పడి ఉంది.

"కుర్రాళ్లకి అక్కర్లేదు" అన్నవాడు మన జిల్లాలో ఏ ఊరికైనా వచ్చి ఆర్మీలో చేసినవాళ్లని అడగొచ్చు. వీధికొకరు ఉంటారు. మా పెదనాన్న కొడుకు అక్కడ చేశాడు. ఇరవై మూడేళ్ల వయసు, పరుగులో ఫస్టు. అయినా పైకి పంపే ముందు పద్నాలుగు రోజులు ఆపారు: మొదటి మెట్టులో ఆరు రోజులు, పన్నెండు వేల అడుగులు దాటాక నాలుగు, పదిహేను వేలు దాటాక ఇంకో నాలుగు. సైన్యానికి కర్పూరం కొనే స్థోమత లేక కాదు. 1962 యుద్ధం రోజుల్లో కుర్రాళ్లని ఉన్నపళంగా కొండలెక్కించి, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కళ్లారా చూసి నేర్చుకున్న లెక్క అది. కండబలానికీ దీనికీ సంబంధం లేదు. పైగా బలంగా ఉన్నవాడే మొదటి రోజు ఆగకుండా తిరిగి పడిపోతాడు.

దిగాక రెండు రోజులు లేహ్‌లోనే ఉండాలి. తలనొప్పి, వికారం ఉంటే అవి తగ్గేదాకా పైకి పోకూడదు. కూర్చున్నా ఆయాసం, దగ్గు, తూలు నడక వస్తే అర్ధరాత్రైనా కిందికి దిగాలి. ఎత్తు పడక వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర డాక్టరు రాస్తేనే వేసుకోవాలి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇంకో మాట, ఆ మూట పసిపిల్లల చేతికి అందనివ్వకండి. కర్పూరం మింగితే ఫిట్స్ వస్తాయి.

ఏడు నుంచి తొమ్మిది దాకా ఫొటోల గురించి, వదిలేస్తున్నాను. పదోది మనిషికి ఇరవై వేలలో అయిపోతుందట. మాకు విమానం టికెట్లే అంత దాటాయి. పన్నెండోది అసలు కారణమే కాదు, "నిజమైన భారతీయుడివైతే పది గ్రూపులకు పంపు". పంపకపోతే నా ఆధార్ రద్దవుతుందేమో చూడాలి.

పదకొండోది దాటేశానని మీరు అనుకోవచ్చు. "అక్కడి ఆకాశం ఇంకెక్కడా చూడలేరు" అని ఉంది. దీన్నీ చీల్చి చెండాడదామనే మొదలుపెట్టాను. కుదరలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తరవాత ఉద్దానంలో మా చిన్నాన్నగారి ఊళ్లో ఎన్నో రాత్రులు కరెంటు లేదు. కొబ్బరి చెట్లు కూలిపోయి పైన ఆకాశమంతా ఖాళీగా ఉండేది. చుక్కలంటే అవే అనుకున్నాను. తోడల్లుడు ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు రాత్రి లేహ్‌లో కరెంటు పోయింది. దుప్పట్లు కప్పుకుని హోటలు డాబా ఎక్కాం. పాలపుంత కొండ అంచు నుంచి కొండ అంచు దాకా, పిండి చల్లినట్టు. గాలిలో తేమ లేదు, దుమ్ము లేదు. అక్కడికి ఆగ్నేయంగా హాన్లేలో 4,500 మీటర్ల మీద టెలిస్కోపు ఊరికే పెట్టలేదని అప్పుడర్థమైంది. అంతవరకూ "ఇంక జన్మలో రాను" అంటున్న మనిషి, మెడ నొప్పి పుట్టేదాకా తల దించలేదు. ఆ మెసేజ్ రాసినవాడు ఈ ఒక్కచోట కాస్త తగ్గించే చెప్పాడు.

మా టెన్త్ బ్యాచ్ వాళ్లు ఆరుగురు వచ్చే నెల బయల్దేరుతున్నారు. నిన్న రాత్రి ఫోన్ చేసి గంటసేపు పోట్లాడితే, మొదటి రెండు రోజులూ లేహ్‌లోనే అని ఏజెంటు చేత కాగితం మీద రాయించుకుని ఫొటో పంపారు. ఆక్సీమీటర్ నాది ఇస్తున్నాను. మూట మాత్రం ఒకడి భార్య అప్పుడే కట్టేసిందట.