పెద్ద పేరున్న కాలేజీయా, ఆడనిచ్చే కాలేజీయా?

2023 జులైలో టొరంటో బ్లూ జేస్ బేస్‌బాల్ జట్టు, కొత్త ఆటగాళ్లను ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ తొలి రౌండులో, మొత్తం మీద 20వ ఆటగాడిగా అర్జున్ నిమ్మలను ఎంచుకుంది. తల్లిదండ్రులది విజయవాడ, అబ్బాయి పెరిగింది ఫ్లోరిడాలో. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి ఆడతానని అంతకుముందే మాట ఇచ్చినా, కాలేజీలో అడుగు పెట్టకుండానే ప్రొఫెషనల్ ఆటలోకి వెళ్లాడు. తెలుగువాళ్లుగా మనం గర్వపడాల్సిన విషయమే. అయితే అప్పటి నుంచి బేస్‌బాల్ ఆడే పిల్లలున్న ఇళ్లలో ఒకే మాట వింటున్నాను: మావాడు జట్ల కోసం ప్రతిభను వెతికే స్కౌట్ల కంట్లో పడాలంటే ఏం చేయాలి?

హైస్కూలు నుంచి నేరుగా తొలి రౌండులోకి వెళ్లేవాళ్లు అమెరికా మొత్తం మీద ఏటా కొద్దిమందే. మిగతా పిల్లలకు దారి కాలేజీయే. వాళ్లను ముందుగా చూసేది ప్రొఫెషనల్ జట్ల స్కౌట్లు కాదు, కాలేజీ కోచ్‌లు. ఇంజినీరింగుకు ర్యాంకులు చూసి కాలేజీలు వడపోసే అలవాటును మనం బేస్‌బాల్‌కు కూడా తెచ్చుకున్నాం. కాలేజీ క్రీడల్లో పై స్థాయి అయిన డివిజన్ 1 అయితేనే గొప్ప, తక్కినవన్నీ దండగ అనుకుంటున్నాం. ఈ ఆలోచన పిల్లల ఆటకు చేటు చేస్తోందని నా గట్టి నమ్మకం.

డివిజన్ 1లో ఇప్పుడు ఏం జరుగుతోందో చూడండి. నిన్నమొన్నటి దాకా ఒక్కో జట్టుకు 11.7 స్కాలర్‌షిప్పులే ఉండేవి. వాటినే ముక్కలు చేసి ఆటగాళ్లకు పంచేవారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ఒప్పందంతో ఆ పరిమితి పోయింది. దానికి బదులు, ఒప్పందంలో చేరిన కాలేజీల జట్లలో 34 మందికి మించి ఉండకూడదన్న నియమం వచ్చింది. దీనికి, ఆటగాళ్లు మరో కాలేజీకి మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తోడైంది. మూడేళ్లు మరోచోట ఆడి రాటుదేలిన 22 ఏళ్ల పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) దొరుకుతుంటే, 18 ఏళ్ల కుర్రాడు ఎదిగేదాకా ఆగే ఓపిక కోచ్‌లకు తగ్గింది. పెద్ద జెర్సీ వేసుకుని రెండేళ్లు బెంచీ మీద కూర్చున్న పిల్లవాడిని ఏ స్కౌట్ చూస్తాడు?

అందుకే మనవాళ్లు చిన్నచూపు చూసే రెండు దారులను నేను గట్టిగా సమర్థిస్తాను. ఒకటి రెండేళ్ల చదువుండే కమ్యూనిటీ కాలేజీ. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడో ఏడు పూర్తయ్యేదాకా, లేదా 21 ఏళ్లు వచ్చేదాకా డ్రాఫ్ట్‌కు అర్హత ఉండదు. కమ్యూనిటీ కాలేజీలో ఆ అడ్డు లేదు, పైగా మొదటి ఏడాది నుంచే ఆడే అవకాశం ఎక్కువ. ఇప్పుడు పెద్ద స్టార్ అయిన బ్రైస్ హార్పర్ 2010 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఆటగాడిగా ఎంపికైంది సదరన్ నెవాడాలోని అలాంటి కాలేజీ నుంచే. 1999లో 13వ రౌండులో ఎంపికైన ఆల్బర్ట్ పుహోల్స్ కూడా అలాంటి చోట ఆడినవాడే. రెండోది డివిజన్ 3. ఇక్కడ క్రీడా స్కాలర్‌షిప్పులు ఉండవు. కానీ మన తల్లిదండ్రులు కలలు కనే ఎమ్‌ఐటీ, జాన్స్ హాప్కిన్స్, ఎమరీ జట్లు ఆడేది ఈ డివిజన్‌లోనే.

కాలేజీని ఎంచుకునే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఆ కాలేజీ జట్టు వెబ్‌సైటులో ఆటగాళ్ల జాబితా తెరవండి. మీ అబ్బాయి షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) అయితే, ఆ స్థానంలో ఎవరెవరు ఉన్నారో, ఎవరు ఏ సంవత్సరం చదువుతున్నారో కాగితం మీద రాసుకోండి. ఇద్దరు రెండో ఏడాదిలో, ఒకరు మొదటి ఏడాదిలో ఉంటే మీవాడి వంతు ఎప్పుడొస్తుందో మీకే అర్థమవుతుంది. తర్వాత మూడేళ్ల కిందటి జాబితా తెరిచి, అప్పుడు మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లలో ఇంకా ఎందరు మిగిలారో చూడండి. కోచ్ మాటల కంటే ఆ రెండు పేజీలు ఎక్కువ నిజం చెబుతాయి.

ఇక కంట్లో పడటం సంగతి. పదకొండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 దాకా డివిజన్ 1 కోచ్‌లు పిల్లలతో సొంతంగా ఉత్తర ప్రత్యుత్తరాలు జరపకూడదు. క్యాంపు కరపత్రాలు మాత్రం పంపవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లవాడి పేరుతో క్యాంపు ఆహ్వానం రాగానే ఆ కాలేజీ మావాడిని కోరుకుంటోందని మురిసిపోయి వందల డాలర్లు కట్టే కుటుంబాలను చూస్తే నాకు బాధగా ఉంటుంది. చాలా సందర్భాల్లో అది ప్రకటన మాత్రమే. కోచ్‌ల, స్కౌట్ల ముందు పిల్లలు ఆట చూపించే షోకేసులకూ ఇదే వర్తిస్తుంది. పిచర్ బంతి వేగం, 60 గజాల పరుగు ఇంకా ఆ స్థాయికి చేరకముందే వెళ్తే, తక్కువ అంకెలే అతని పేరు పక్కన నమోదవుతాయి.

కోచ్‌కు ఈమెయిల్ పిల్లవాడే రాయాలి, అమ్మానాన్నలు కాదు. హైస్కూలు పూర్తయ్యే సంవత్సరం, ఆడే స్థానం, ఎత్తు, బరువు, మార్కులు, రాబోయే ఆటల తేదీలు, రెండు నిమిషాలు మించని వీడియో ఉంటే చాలు. వీడియోకు పాటలు, మెరుపులు అక్కర్లేదు. బ్యాటు తిప్పేటప్పుడు పక్క నుంచి, వెనక నుంచి స్పష్టంగా కనిపించాలి. కోచ్ మైదానానికి వచ్చినప్పుడు చూసేది వేరే ఉంటుంది. మూడు స్ట్రైకులకు అవుటై వచ్చిన కుర్రాడు హెల్మెట్ విసిరికొట్టాడా, లేక తర్వాతి బ్యాటర్‌కు పిచర్ ఏం వేస్తున్నాడో చెప్పాడా అన్నది గమనిస్తాడు. కంచె అవతలి నుంచి తండ్రి అరుస్తున్నాడా అన్నది కూడా.

అమెరికాలోని మన తెలుగు సంఘాలు ఏటా క్రికెట్, వాలీబాల్ పోటీలు బ్రహ్మాండంగా జరుపుతున్నాయి. కాలేజీ ప్రవేశాల మీద సదస్సులూ పెడుతున్నాయి. వచ్చే వేసవి సభల్లో ఒక గంట బేస్‌బాల్‌కు కేటాయించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. వేదిక మీద కూర్చోవాల్సింది రిక్రూటింగ్ సేవలు అమ్మేవాళ్లు కాదు, కమ్యూనిటీ కాలేజీల్లో, డివిజన్ 3లో ఇప్పుడు ఆడుతున్న మన పిల్లలు.