ఉత్ప్రేరకం మళ్లీ పనిచేస్తుందా? సగంలో ఆపి చూడాలి

మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటు బట్టీల్లో సున్నపురాయి కాలితే రాయి బరువులో నూటికి 44 పాళ్లు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. బొగ్గు పొగ దానికి అదనం. దామరచర్ల దగ్గరి యాదాద్రి విద్యుత్ కేంద్రం పూర్తి 4,000 మెగావాట్లతో నడిస్తే గంటకు మూడు వేల టన్నులకు పైగానే ఈ వాయువును వదులుతుంది. లోహం లేని ఉత్ప్రేరకాలతో (తాము ఖర్చవకుండా రసాయన చర్యను వేగపరిచే పదార్థాలతో) ఈ వాయువును రసాయనాలుగా మార్చవచ్చన్న వార్త వచ్చినప్పుడల్లా పొగంతా సరుకైపోతుందన్న ఆశ పుడుతుంది. అది లెక్కకు నిలవదు. ఇలా తయారయ్యే ద్రావణి ప్రొపిలీన్ కార్బొనేట్‌నే తీసుకుంటే, టన్నులోకి పోయేది 430 కిలోల వాయువే. ఆ కేంద్రం ఒక్క గంట పొగకు దాదాపు ఏడు వేల టన్నుల కార్బొనేట్ తయారు చేయాలి. అంత సరుకు కొనేవారు లేరు.

ఈ పద్ధతి విలువ పొగ తగ్గించడంలో లేదు, తయారయ్యే సరుకులో ఉంది. ఉత్ప్రేరకంలోని అమ్మోనియం ఉప్పుకు చెందిన బ్రోమైడ్ అయాన్, ఎపాక్సైడ్ వలయాన్ని (రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన చిన్న వలయాన్ని) తెరుస్తుంది, తెరుచుకున్న ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది, వలయం మళ్లీ మూసుకుని సైక్లిక్ కార్బొనేట్ అవుతుంది, బ్రోమైడ్ బయటికి వస్తుంది. పక్కన హైడ్రాక్సిల్ సమూహం ఉంటే పని వేగంగా సాగుతుంది. లిథియం బ్యాటరీల ద్రావణాలకు ఇవే కార్బొనేట్లు కావాలి. చౌటుప్పల్, పోలేపల్లి మందుల కంపెనీలకు మరో లాభం: లోహపు జాడలు వదిలించుకునే ఖర్చు ఉండదు. నోటి ద్వారా వాడే మందుల్లో పల్లేడియం రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదన్న నియమం ఉంది.

అయితే 'లోహం లేదు' అన్న మాటను పరీక్షించకుండా నమ్మకూడదు. పర్మాంగనేట్‌తో చేసిన గ్రాఫీన్ ఆక్సైడ్‌లో మాంగనీస్ మిగులుతుంది. పల్లేడియంతో అతికించిన పాలిమర్లలో పల్లేడియం ఉంటుంది. లోహాల జాడలు కొలిచే ఐసీపీ-ఎంఎస్ పరీక్ష ఫలితం చూపని చోట ఆ మాట రాయకపోవడమే న్యాయం.

'మళ్లీ మళ్లీ వాడవచ్చు' అన్న మాటతో పేచీ ఇంకా పెద్దది. పది గంటలు నడిపి ప్రతిసారీ 98 శాతం సరుకు వచ్చిందని పట్టిక వేస్తారు. మూడు గంటల్లో ముగిసే చర్యను పది గంటలు నడిపితే, ఉత్ప్రేరకం సగం చచ్చినా అంకె తగ్గదు. 40 శాతం మార్పు దగ్గర ఆపి, ప్రతి వాడకంలోనూ అదే సమయానికి ఎంత వచ్చిందో పోల్చాలి. వేడిగా ఉండగానే వడకట్టి, ఆ ద్రావణాన్ని ఉత్ప్రేరకం లేకుండా ఒంటరిగా నడిపించాలి. చర్య సాగుతూనే ఉంటే పనిచేస్తున్నది ఘనపదార్థం కాదు, దాని నుంచి కరిగి జారిన ఉప్పు. ఇంకా చౌకైన పరీక్ష ఉంది. వడకట్టిన ద్రవాన్ని నీటితో కడిగి, ఆ నీటిలో కొద్దిగా నైట్రిక్ ఆమ్లం, ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేయాలి. లేత పసుపు అవక్షేపం వస్తే బ్రోమైడ్ కారిపోతున్నట్టే. అది ఉత్ప్రేరకాన్ని చంపడమే కాక స్టీలు పాత్రను తినేస్తుంది. ఉష్ణోగ్రత మరీ పెంచితే అమ్మోనియం ఉప్పు విరిగి, అమీన్ వాసనతో గోధుమ రంగుకు తిరుగుతుంది. తడి ఉంటే కార్బొనేట్ బదులు గ్లైకాల్ వస్తుంది. చిమ్నీ వాయువులోని సల్ఫర్ డయాక్సైడ్ క్షార స్వభావమున్న ఉత్ప్రేరకాలను కట్టిపడేస్తుంది. అందుకే ఇథనాల్ పులియబెట్టే ట్యాంకుల నుంచి వచ్చే వాయువే మొదటి ప్రయోగాలకు తగినది. అది దాదాపు స్వచ్ఛం.

మన జిల్లాల్లో దీన్ని ఆముదంతో మొదలుపెట్టాలి. ప్రొపిలీన్ కార్బొనేట్‌కు మూలమైన ఎపాక్సైడ్, ప్రొపిలీన్ ఆక్సైడ్, 34 డిగ్రీలకే మరుగుతుంది, భగ్గుమంటుంది, క్యాన్సర్ కలిగించవచ్చన్న అనుమానమూ ఉంది. బోరు నీళ్లు కలుషితమైన బాధ తెలిసిన ఊళ్ల పక్కన దాన్ని నిల్వ చేయమనడం సరికాదు. పాలమూరు, నల్లగొండ చెలకల్లో ఆముదం పాత పంట. పత్తి వచ్చి దాన్ని వెనక్కి నెట్టినా, పాలెం పరిశోధన స్థానం హైబ్రిడ్లు ఇస్తూనే వచ్చింది. ఆ నూనె అణువులో దాదాపు మూడు ద్విబంధాలున్నాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎసిటిక్ ఆమ్లంతో వాటిని ఎపాక్సైడ్ చేసి, 110 డిగ్రీల దగ్గర వాయువు పట్టిస్తే, టన్ను నూనెకు గరిష్ఠంగా 140 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఎక్కుతుంది. ఆ కార్బొనేట్‌ను డైఅమీన్‌తో కలిపితే విషపూరితమైన ఐసోసైనేట్ అవసరం లేని పాలీయురెథేన్ (నురుగులకూ పూతలకూ వాడే ప్లాస్టిక్) వస్తుంది.

చిక్కు వేగంలో ఉంది. నూనె అణువు గొలుసు మధ్యలో ఉన్న ఎపాక్సైడ్ బద్ధకంగా కదులుతుంది, మామూలు పీడనంలో రోజులు పడుతుంది. పీడనం పెంచితే గంటలకు దిగుతుంది, పీడనం తట్టుకునే పాత్ర (ఆటోక్లేవ్) ఖర్చు పెరుగుతుంది. ఎసిటిక్ ఆమ్లం మిగిలితే వలయాలను ముందే తెరిచేస్తుంది కనుక, నూనెను తటస్థమయ్యేదాకా కడిగి వాక్యూమ్‌లో ఆరబెట్టాకే వాయువు ఎక్కించాలి. జిగట నూనెలో పూసల రూపంలో ఉన్న ఉత్ప్రేరకం రంధ్రాలు పూడుకుంటాయి. ప్రతి వాడకం తర్వాత ఇథైల్ ఎసిటేట్‌తో కడిగి, ఆరబెట్టి, తూకం వేసి చూస్తే ఎంత పూడుకుందో, ఎంత పోయిందో తెలుస్తుంది.