తెల్లగీతల మధ్య బెజవాడ

మన నాయకులకు సామాన్యుల సంగతి తెలియదనడం ఈమధ్య చదువుకున్నవాళ్లకు ఫ్యాషన్ అయిపోయింది. టీకొట్టు దగ్గర అంటారు, రైల్లో అంటారు, వేలి మీద ఓటు సిరా ఆరకముందే అంటారు. ఈ అపవాదును నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఊరికే ఖండించడం కాదు, నా దగ్గర ప్రత్యక్ష సాక్షి ఉంది. ఆ సాక్షి మా పిన్ని.

పిన్ని ఉండేది సింగ్‌నగర్ దాటి పాయకాపురం వెళ్లే వైపు. రెండు గదులు, ముందు వరండా, వెనక కాలువ. కాలువంటే కృష్ణ నీళ్లు పారేది అనుకునేరు. అలాంటివి ఊళ్లో మూడున్నాయి: బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. ఇది వాటికి దూరపు చుట్టం కూడా కాదు. ప్రభుత్వ కాగితాల్లో దీని పేరు సైడు డ్రెయిన్. పిన్ని పిలిచే పేరు ఇక్కడ రాయలేను.

కొన్నాళ్ల కిందట ఆ ఇంటికి ఒక పెద్ద నాయకుడు వచ్చారు. ఏ పార్టీ అని అడక్కండి. చెబితే సగం మంది చదవడం మానేస్తారు, మిగతా సగం మంది చదవకుండానే షేర్ చేస్తారు.

ఆయన వస్తున్న సంగతి ముందుగా ముక్కుకు తెలిసింది. రెండు రోజుల ముందు నుంచే వీధంతా బ్లీచింగ్ వాసన. రోడ్డుకు అటూ ఇటూ ముగ్గు వేసినంత శ్రద్ధగా తెల్లగీతలు గీశారు. ఆరు నెలలుగా ఆటోవాళ్లు పేర్లు పెట్టి పిలుచుకుంటున్న గుంటలు ఒక్క రాత్రిలో పూడిపోయాయి. వీధి దీపాలు వెలిగాయి, అవీ పట్టపగలు. మెయిన్ రోడ్డు మీద తిరిగే ఆవులు ఎటు పోయాయో తెలియదు. వాటికి కూడా టూర్ షెడ్యూల్ ఎవరో ఇచ్చి ఉంటారు.

ఇంతకీ మా పిన్ని ఇల్లే ఎందుకు? ఇందులో పెద్ద శాస్త్రం ఉంది. మీరు పేదవాడి ఇంటికి వెళ్లాలంటే చెప్పులు వేసుకుని వెళ్లిపోతారు. నాయకుడు అలా వెళ్లకూడదు. ఇల్లు పేదగా ఉండాలి, కానీ మరీ పేదగా ఉంటే ప్రభుత్వానికి చెడ్డపేరు. సందులోకి కెమెరా పట్టాలి. ఇంట్లో ఒక ముసలావిడ, ఒక స్కూలు పిల్ల ఉంటే మంచిది. ఎదురు ప్రశ్నలు వేసే అల్లుడు మాత్రం ఉండకూడదు. (మా చెల్లెలి మొగుడిని ఆ రోజు పని మీద నూజివీడు పంపించారు. అక్కడ ఏం పనో అతనికి ఇప్పటికీ తెలియదు.) పీఏ గారు మూడు వీధులు తిరిగి, నలభై ఇళ్లు చూసి, పిన్ని ఇంటి దగ్గర ఆగి అన్నాడట, "ఇక్కడ పేదరికం మీద లైటింగు బాగా పడుతోంది."

అయితే ఒక చిక్కొచ్చింది. పిన్నికి ఫ్రిజ్ ఉంది. వాయిదాల మీద కొనుక్కున్నది. హాల్లో అది కనిపిస్తే పేదరికం నిండుగా ఉండదని ఇద్దరు కుర్రాళ్లు దాన్ని మోసుకెళ్లి పక్కింట్లో పెట్టారు. టీవీ మీద దుప్పటి కప్పారు. గోడ మీద అప్పటి దాకా లేని నాయకుడి ఫొటో ఒకటి వెలిసింది. దానికి వేసిన దండ చూసి పిన్ని కంగారుపడి, "అదేంటి బాబూ, బతికున్నాయనకి దండేస్తారా?" అంది. దండ తీశారు. ఆ రోజు ఆ ఇంట్లో చెల్లిన మాట ఆవిడది అదొక్కటే.

సైరన్ ముందు, నాయకుడు వెనక వచ్చారు. 2017 మే 1 నుంచి దేశంలో బుగ్గకార్లు లేవు, వీఐపీ సంస్కృతి పోవాలని తీసేశారు. బుగ్గ పోయింది, కూత మిగిలింది. ఆయన కారు దిగి, చెప్పులు విడిచి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "అమ్మా, నీళ్లొస్తున్నాయా?" అని అడిగారు. ఆ రోజు తెల్లవారుజాము నుంచి కుళాయి కట్టేస్తే ఒట్టు. "వస్తున్నాయి బాబూ" అంది పిన్ని. "కరెంటు?" "ఉంది బాబూ." "రోడ్డు?" "నిన్ననే వేశారు బాబూ." అన్నీ నిజాలే. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. ఇంత స్వచ్ఛమైన సంభాషణ ఈ నగరంలో ఇంకెక్కడైనా జరిగిందంటే నేను నమ్మను.

తర్వాత భోజనం. గోంగూర పచ్చడి, పప్పు, వేడన్నం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆయన కళ్లు చెమర్చాయి. "అమ్మా, అచ్చం మా అమ్మ చేతి వంటే" అన్నారు. కెమెరాలు దగ్గరికి జరిగాయి. పిన్ని కళ్లు కూడా చెమర్చాయి. కాకపోతే ఆవిడ కారణం వేరు. ఆవిడ పొద్దున నాలుగింటికి లేచి చేసిన గోంగూర వంటింట్లోనే మూతపెట్టి ఉంది. భద్రతా కారణాల వల్ల వాళ్లు క్యారేజీ వెంట తెచ్చుకున్నారు.

ఇక్కడే మీలాంటివాళ్లు తొందరపడి, చూశారా నటన అంటారు. నేననను. ఆ హోటల్లో వండేవాడి చెయ్యి నిజంగానే వాళ్లమ్మ చెయ్యిలా ఉండొచ్చు. పైగా ఆయన ఆ మాట ప్రతి నియోజకవర్గంలో, ప్రతి ఇంట్లో అంటారని పీఏ గారే గర్వంగా చెప్పాడు. అన్నేళ్లుగా ఒకే మాట మీద నిలబడ్డ మనిషిని నిజాయితీ లేనివాడని ఎలా అంటాం?

నాకు ఆ రోజు ఒక్కసారిగా అర్థమైంది. ఆయనకు బెజవాడ తెలుసు. బాగా తెలుసు. ఆయన చూసిన బెజవాడలో రోడ్లకు గుంటలు లేవు, కుళాయిలు ఆగవు, ఆవులు లేవు, ఊరంతా ఆస్పత్రిలా బ్లీచింగ్ వాసన వస్తుంది. బెంజి సర్కిల్లో ఏ వేళకు వెళ్లినా ఒక్క బండి అడ్డు రాదు. సాయంత్రం ఆరింటికి కూడా. అలాంటి ఊళ్లో ఉంటూ జనం ఎందుకు గొణుగుతున్నారో ఆయనకు అర్థం కాకపోతే తప్పు ఆయనది కాదు. మనం ఆ తెల్లగీతలకు ఇవతల ఉండటం మన ఖర్మ.

జనం దగ్గరికి రావాలన్న తపన లేదని మాత్రం ఎవరూ అనలేరు. పేర్లు చూడండి. 1995లో ప్రజల వద్దకు పాలన. 1997లో జన్మభూమి. ఆ తర్వాత రచ్చబండ. 2019లో స్పందన. 2022లో గడప గడపకు. ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ముప్పై ఏళ్లుగా ప్రభుత్వాలు మన గుమ్మం వైపు నడుస్తూనే ఉన్నాయి. గుమ్మమే ఎక్కడో దూరంగా జరిగిపోతున్నట్టుంది. మా పిన్ని దగ్గర ఇంటి వెనక కాలువ గురించి పెట్టుకున్న అర్జీల జిరాక్సులు ఒక ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉన్నాయి. ఏది ఎప్పుడు ఎవరికిచ్చిందో బయటపెట్టను. ఒక్కటి మాత్రం చెబుతాను. అర్జీలో విషయం ఒక అక్షరం కూడా మారలేదు, పైన తేదీ మారింది. మొదటి అర్జీ రాసిపెట్టిన కుర్రాడికి ఇప్పుడు మనవడు.

నడక సంగతికి వస్తే ప్రపంచంలో మనకు సాటి లేదు. పాదయాత్రల్లో చంద్రబాబు నడిచింది 2,817 కిలోమీటర్లు, జగన్ 3,648, లోకేశ్ 3,132. ఈ ముగ్గురివే కలిపితే 9,597. 2003లో వైఎస్ చేవెళ్ల నుంచి మొదలుపెట్టి నడిచింది ఇందులో కలపనే లేదు. అంత దూరం నేలలోకి నడిస్తే భూమి నడిబొడ్డు దాటి, అవతలి వైపు సగం దూరం వెళ్లిపోతారు. పిన్ని ఇంటి వెనక కాలువ దాకా రాలేదంటే అది రూటు మ్యాపులో లేకపోవడం వల్లే. నడిచినంత కాలం ఏం విన్నారో, నడక ఆగి కాన్వాయ్ ఎక్కాక ఏం గుర్తుందో అడగడం మర్యాద కాదు. అన్ని కిలోమీటర్లు నడిచినవాడికి కాస్త కారెక్కాలనిపించదా?

ఇక పాతకాలం నాయకులను పొగడటం కొందరికి అలవాటు. పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారని, మన పక్కనున్న గన్నవరం నుంచి అసెంబ్లీకి గెలిచిన మనిషని చెప్పుకుని మురిసిపోతారు. ఇందులో గొప్పేముంది? ఆయన ఎక్కడికి వెళ్లాలన్నా సైకిలే ఎక్కేవారు. అలవాటైన పనిలో త్యాగం ఎక్కడుంటుంది! ఇప్పటి నాయకుడిని చూడండి. పది కార్లు వెనకాల వస్తుండగా, ఏసీ వదులుకుని, ఎండలో అర కిలోమీటరు సైకిల్ తొక్కుతున్నాడు. పైగా ఫొటోగ్రాఫర్‌ను వెంట తెచ్చుకుని మరీ తొక్కుతున్నాడు, మనం చూడలేకపోయామే అని బాధపడకూడదని. సుందరయ్య గారు మన గురించి అంత ఆలోచించినట్టు కనబడదు.

డబ్బు విషయంలోనూ వాళ్లకు నిగ్రహం ఎక్కువ. అసెంబ్లీ అభ్యర్థి ఎన్నికల ఖర్చు 40 లక్షలు దాటకూడదని 2022 నుంచి నిబంధన. బెజవాడలో ఏ నియోజకవర్గం తీసుకున్నా ఓటర్లు రెండు లక్షల పైమాటే. అంటే జెండాలు, జీపులు, మైకులు, బిర్యానీ అన్నీ కలిపి ఓటరు తలకు ఇరవై రూపాయలు కూడా పడవు. ఇరవై రూపాయలకు ఈ రోజుల్లో కడుపునిండా పునుగులు కూడా రావు. అయినా పోటీ చేసినవాళ్లు లెక్కలు రాసి, సంతకం పెట్టి ఇస్తున్నారు. ఇంత పొదుపుగా రాష్ట్ర బడ్జెట్ నడిపితే మనకు అప్పే ఉండదు. మరి పోలింగ్ ముందు రాత్రి రెండింటికి మా పిన్ని వీధిలో కుక్కలు ఎందుకు అంతలా మొరిగాయి, పొద్దునకల్లా ఎదురింటావిడ ఎందుకు అలిగింది అంటే, నాకు తెలియదు. నేను నిద్రపోయాను.

ఒక్కసారి మాత్రం ఈ ఏర్పాట్లన్నీ తప్పిపోయాయి. 2024 సెప్టెంబరు 1. బుడమేరు వాగు ఎవరికీ టూర్ షెడ్యూల్ పంపకుండా సింగ్‌నగర్ వచ్చేసింది. గీతలు గీయడానికి రోడ్డే కనబడలేదు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల 40 వేల క్యూసెక్కులు దాటింది, కట్టిన దగ్గర నుంచి అంత ఎప్పుడూ లేదు. అధికారంలో ఉన్నాయన పడవలో వచ్చారు, కలెక్టరేట్‌లోనే మకాం పెట్టారు. అధికారం పోయినాయన నీళ్లలో నడుచుకుంటూ వచ్చారు. డ్రోన్లతో అన్నం పొట్లాలు దించారు. పిన్ని పక్కవాళ్ల మేడ మీద నుంచి అంతా చూసింది. ఆవిడ చెప్పేదేమిటంటే, ఆ నాలుగు రోజులూ వచ్చినవాళ్లెవరూ "నీళ్లొస్తున్నాయా?" అని అడగలేదట. కొందరి మొహాల్లో నిజంగానే భయం కనిపించిందట. "పాపం, మనలాగే ఉన్నార్రా" అంది. ముప్పై ఏళ్లలో నాయకుల గురించి ఆవిడ నోట వచ్చిన మంచిమాట అది. నీళ్లు తీశాక మళ్లీ బ్లీచింగ్ చల్లారు.

ప్రతిసారీ వరద తెప్పించడం కుదరదు కాబట్టి, ప్రభుత్వానికి నాదొక వినయపూర్వకమైన సూచన. బెజవాడ కార్పొరేషన్‌లో 64 డివిజన్లున్నాయి. డివిజన్‌కు ఒకరు చొప్పున 64 మంది ఆస్థాన సామాన్యులను పర్మనెంటుగా నియమించాలి. ఒక చాప, ఒక కుక్కిమంచం, కన్నీళ్లు తెప్పించుకునే నేర్పు ఉంటే చాలు, డిగ్రీ అక్కర్లేదు. ప్రభుత్వం మారితే పోస్టు మారకూడదు, గోడ మీద ఫొటో మాత్రం మారాలి. దీనివల్ల నాయకుడికి ఇల్లు వెతికే శ్రమ తప్పుతుంది, మా చెల్లెలి మొగుడికి నూజివీడు చార్జీలు మిగులుతాయి. రిజర్వేషన్ రోస్టర్ గురించి మాత్రం నన్ను అడగవద్దు, దాని మీద కోర్టులో తేలేసరికి నా పిల్లలకు రిటైర్మెంట్ వస్తుంది.

పిన్నికి ఈ ఆలోచన చెప్పాను. ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆ రోజు నాయకుడు వెళ్లిన పది నిమిషాలకు చాప, ఫొటో, క్యారేజీ, చివరికి గుమ్మానికి కట్టిన మామిడాకులు కూడా తీసుకెళ్లిపోయారట. తర్వాతి ఇల్లు భవానీపురంలోనట. సాయంత్రానికి కుళాయి ఆగింది. రెండు రోజులకు వాన పడి తెల్లగీతలు కాలువలోకి పోయాయి. గుంటలు ఎవరివి వాళ్లకి తిరిగొచ్చాయి.

మొన్న నేను వెళ్లేసరికి వరండాలో ఎవరో తెల్లచొక్కా కుర్రాడు నిలబడి, కళ్లు చికిలించి గోడలు చూస్తున్నాడు. చేతిలో డైరీ, చెవిలో ఫోను. ఇది అవతలి పార్టీ. వాళ్ల పెద్దాయన కూడా వచ్చే వారం సామాన్యుడి ఇంటికి వస్తున్నారట. కుర్రాడు గొంతు సవరించుకుని, "అమ్మా, ఇంట్లో ఫ్రిజ్ లాంటివేమైనా…" అని మొదలుపెట్టాడు.

"పక్కింట్లోనే ఉంచేశాం బాబూ, ఇంకా తెచ్చుకోలేదు" అంది పిన్ని.

"మీరూ వస్తారని తెలుసుగా."