కుళాయిలో నీళ్లకంటే ముందు వచ్చే గాలి ఎక్కడిది?

విజయనగరంలో మున్సిపల్ కుళాయి ఉన్న ఇంట్లో పెరిగిన వాళ్లెవరికైనా ఆ చప్పుడు తెలుసు. నీళ్లు వదిలే టైముకి కుళాయి తిప్పి ఉంచితే ముందు బుస్సుమని గాలి వస్తుంది, తర్వాత కాస్త రంగు నీళ్లు, ఆ తర్వాత మంచినీళ్లు. ఆ రంగు నీళ్లు పారబోసి బిందె పెట్టడం మా అమ్మకి అలవాటు, నాకూ అదే అలవాటైంది. మొన్న మా అపార్ట్‌మెంట్‌లో పనికి వచ్చిన ప్లంబర్ "ఆ గాలి ఎక్కడి నుంచి వస్తాదనుకుంటున్నారు సార్?" అని అడిగేదాకా నేను దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

సరఫరా ఆపగానే పైపులో మిగిలిన నీళ్లు పల్లం వీధుల్లోకి దిగిపోతాయి. అవి దిగుతుంటే మెరక మీద ఉన్న పైపు ఖాళీ అయి, ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి లోపలికి పీలుస్తుంది. కుళాయి తెరిచి ఉంటే గాలి పీలుస్తుంది. కుళాయికి తగిలించిన గొట్టం బట్టలు నానబెట్టిన బకెట్లో మునిగి ఉంటే ఆ బకెట్ నీళ్లు, సంపులోకి వచ్చే పైపు మూతి నీళ్లలో మునిగి ఉంటే ఆ సంపు నీళ్లు, ఏవైతే అవి ఊరందరి లైనులోకి వెళ్తాయి. మర్నాడు వాటిని ముందుగా పట్టుకునేది పక్కింటివాళ్లు కావచ్చు. దీన్నే బ్యాక్‌ఫ్లో అంటారు.

ఇంకో రకం కూడా ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో బోరు లైనూ మున్సిపల్ లైనూ ఒక చోట కలిశాయి, మధ్యలో ఒక్క గేటు వాల్వు. అది అరిగిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. బోరు మోటారు వేసినప్పుడల్లా ఆ ఒత్తిడికి ఉప్పునీళ్లు మున్సిపల్ లైనులోకి తోసుకెళ్లేవి. వీధిలో రెండిళ్ల వాళ్లు నీళ్లు ఉప్పగా ఉంటున్నాయని ఏడాదిగా అంటూనే ఉన్నారు, మేమేమో మున్సిపాలిటీనే తప్పు పట్టాం. తప్పు మా గోడ లోపలే ఉంది. అది ఉప్పునీళ్లతో పోయింది కాబట్టి సరిపోయింది, అదే ఆసుపత్రి లైనో, కార్లు కడిగే షెడ్డు లైనో అయితే?

అమెరికాలో చాలా ఊళ్లలో దీనికి ఏటా పరీక్ష ఉంటుంది. హోటళ్లు, ఆసుపత్రులు, తోటకి స్ప్రింక్లర్లు ఉన్న ఇళ్లు తమ లైనులో బ్యాక్‌ఫ్లో పరికరం పెట్టుకోవాలి, లైసెన్సు ఉన్న మనిషి వచ్చి దానికి గేజ్ తగిలించి, లోపలి వాల్వు వెనక్కి వచ్చే నీటిని నిజంగా ఆపుతోందా లేదా చూసి కాగితం ఇవ్వాలి. ఊరికే వచ్చిన రూలు కాదది. 1933లో షికాగోలో రెండు హోటళ్ల ప్లంబింగ్‌లో మురుగు మంచినీటిలో కలిసి అమీబిక్ డిసెంట్రీతో 98 మంది చనిపోయారు. 1969లో మసాచుసెట్స్‌లోని హోలీ క్రాస్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు దాదాపు మొత్తం హెపటైటిస్‌తో (కామెర్లతో) పడిపోయింది. దగ్గర్లో అగ్నిప్రమాదానికి ఫైరింజన్లు నీళ్లు లాగేసరికి లైనులో ఒత్తిడి పడిపోయి, మైదానంలో స్ప్రింక్లర్ గుంటల్లో నిలిచిన మురికి నీళ్లు తాగే లైనులోకి వెళ్లాయి.

అక్కడ ఒత్తిడి పడిపోవడం ఒక ప్రమాదం. మనకి అది రోజువారీ టైంటేబుల్. చంపావతి నీళ్లు నెల్లిమర్ల నుంచి వచ్చినా, గోస్తనీ నీళ్లు ముషిడిపల్లి నుంచి వచ్చినా, శ్రీకాకుళంలో నాగావళి నీళ్లయినా, గంటో రెండు గంటలో వదిలి ఆపేస్తారు. అంటే అమెరికా వాళ్లకంటే ఈ తనిఖీ మనకే ఎక్కువ అవసరం.

2024 అక్టోబర్‌లో మా జిల్లాలోని గుర్లలో డయేరియా వచ్చి మనుషులు పోయారు. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ స్వయంగా వచ్చారు, ప్రభుత్వం ఐఏఎస్ అధికారి విజయానంద్‌ని విచారణకి వేసింది. అది బ్యాక్‌ఫ్లో వల్లే జరిగిందని నేను అనడం లేదు. కానీ అలాంటిది జరిగిన ప్రతిసారీ మనం చేసేది ఒకటే, నీళ్లు సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపడం. తాగునీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఈ-కోలై (నీళ్లలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) అసలు కనబడకూడదు, మంచిదే. అయితే ఆ శాంపిల్ పట్టేది నీళ్లు వస్తున్నప్పుడు, మురికి లోపలికి వెళ్లేది నీళ్లు రానప్పుడు. మొదటి పది నిమిషాల్లో తాగేసినవాళ్ల కడుపులోకి వెళ్లింది ఆ సీసాలోకి ఎలా వస్తుంది?

ఒక మాట ఒప్పుకోవాలి. ఏ వాల్వూ అన్నిటినీ ఆపలేదు. సైడు కాలువలోంచి పోయే తుప్పు పైపుకి చిల్లు పడితే, పైగా ఎవరో మెయిను లైనుకే మోటారు తగిలించి లాగుతుంటే, కాలువ నీళ్లు లోపలికి వస్తాయి. దానికి పైపు మార్చాలి, మోటార్లు తీయించాలి. మిగతాది మాత్రం మన చేతిలో పనే. సంపు నిండిన మట్టానికి పైన, పైపు సైజుకి రెండింతల ఎత్తులో, ఎంత చిన్న పైపైనా అంగుళానికి తగ్గకుండా, ఇన్‌లెట్ మూతి ఉండాలి. ఆ ఖాళీ జాగా ఉంటే పీల్చడానికి నీళ్లే అందవు, దాన్ని మించిన పరికరం లేదు. అది కుదరని చోట ఎన్‌ఆర్‌వీ, అంటే నీళ్లని ఒక్క వైపే పోనిచ్చి వెనక్కి రానివ్వని వాల్వు. దానిలో ఇసుక రేణువు ఇరుక్కున్నా, రబ్బరు గట్టిపడినా అది ఉన్నా లేనట్టే, అందుకే ఏటా చూడాలి. ముందు వైపు వాల్వు కట్టేసి, మధ్యలో ఉన్న చిన్న కుళాయి తిప్పితే, వెనక నుంచి నీళ్లు ఆగకుండా వస్తుంటే ఎన్‌ఆర్‌వీ పోయినట్టే. పావుగంట పని.

ఇళ్లన్నీ ఒకేసారి తనిఖీ చేయమంటే ఏ మున్సిపాలిటీకీ అయ్యే పని కాదు. ఆసుపత్రులు, ల్యాబులు, హోటళ్లు, కల్యాణ మండపాలు, కార్ వాష్‌లు, బోరూ మున్సిపల్ నీళ్లూ రెండూ ఉన్న అపార్ట్‌మెంట్లతో మొదలుపెట్టాలి. వ్యాపారాలకి ఎలాగూ ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ ఉంది, దానికి ప్లంబర్ సంతకం పెట్టిన ఒక్క కాగితం జత చేయమంటే చాలు. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 కూడా తాగే నీటి లైనుని వేరే లైనుతో కలపొద్దనే చెబుతోంది, కట్టాక వెళ్లి చూసేవాళ్లు ఉండాలి కదా. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి లక్షల మంది వస్తారు, ఆ నాలుగు రోజులు హోటళ్లలో, మండపాల్లో ఎంతమంది ఆ నీళ్లు తాగుతారో ఊళ్లో అందరికీ తెలుసు. ఈ పని ఏటా పండక్కి ముందే అయిపోవాలి.

మా అపార్ట్‌మెంట్‌లో ఆ రెండు లైన్లూ కోయించి విడదీశాం. మున్సిపల్ లైనుకి ఎన్‌ఆర్‌వీ పెట్టించి, పక్క గోడ మీద పెయింటుతో తేదీ రాయించాం. ఖర్చు ఒక్కో ఫ్లాటుకి కొన్ని వందలే అయింది. ఉప్పునీళ్ల సంగతి ఏడాదిగా చెబుతున్న ఆ రెండిళ్లకీ వెళ్లి, తప్పు మాదేనని చెప్పి వచ్చాను.