వింగ్స్‌కి డబ్బులు, పాట ఫ్రీ

శనివారం రాత్రి మా బావా నేనూ బెంగళూరు ఇందిరానగర్‌లో ఓ పబ్బుకెళ్లాం. మన జానపదం, అమెరికా నల్లజాతివాళ్ల బ్లూస్ పాట, రెండూ ఒకే స్టేజీ మీద. కవర్ ఛార్జ్, అంటే లోపలికి రానిచ్చే రుసుము, మనిషికి 800. అదంతా తిండి బిల్లులో తగ్గించేస్తామన్నారు. అసలు గొడవ అక్కడే ఉంది, చెప్తాను.

ముందు ఓ కన్నడ బ్యాండు. శిశునాళ షరీఫ్ తత్వాలు పాడారు. మనకి వేమన, వీరబ్రహ్మం ఎలాగో కన్నడిగులకి ఈ షరీఫ్ సాబ్ అలాగ. సగమే అర్థమైంది, అయినా హాయిగా ఉంది.

తర్వాత బ్లూస్. ఒక్కడే మనిషి, ఒక్కటే గిటారు. చిటికెన వేలికి గాజు గొట్టం తొడుక్కున్నాడు. పూర్వం మిసిసిపీ వైపు సీసా మెడ కోసి తొడుక్కునేవాళ్లు. అది తీగ మీద జారుతుంటే స్వరం మెట్టు మీద నిలబడదు, ఏడ్చే గొంతులా ఒలుకుతుంది. మొదటి లైను రెండుసార్లు పాడతారు, మూడోది దానికి జవాబు. లైనుకీ లైనుకీ మధ్య గొంతు ఆపి గిటారుతో బదులు పలికిస్తారు. బుర్రకథలో కథకుడు ఆగగానే వంతలు అందుకోరూ, అచ్చం అదే! మా బావది తెనాలి. షేక్ నాజర్ బుర్రకథల గురించి వాళ్ల నాన్న చెప్తుంటే విని పెరిగాడు. రెండో పాటలో గొంతు ఆగిందో లేదో, ఈయన లోగొంతుకలో "తందాన తాన" అనేశాడు. నవ్వొచ్చింది గానీ, తాళం తప్పలేదు.

సరిగ్గా ఆ ఖాళీలోకే పక్క టేబుల్ దూరింది. మనవాళ్లే, ఆరుగురు. సర్జాపూర్‌లో ప్లాటు బేరం. తీగ సన్నగా మూలుగుతుంటే "ఈస్ట్ ఫేసింగే కావాలి మామా" అని కేక.

"బ్రో, కాస్త మెల్లగా" అన్నాను.

"పబ్బుకొచ్చి మెల్లగా ఏంటి బ్రో? డబ్బులు కట్టాంగా!"

కట్టారు. వింగ్స్‌కి, బీరుకి కట్టారు. 800కి 800 బిల్లులో తగ్గించేస్తే పాట భోజనంలో అప్పడమైపోదూ? అందులో 300 తిండికి వదిలేసి, 500 పాటకే ఉంచుకోండయ్యా. మాకేం తిరిగివ్వొద్దు. అలాగే పాట నడిచేంతసేపూ ఆ బార్ మిక్సీ ఒకటి ఆపండి, పుణ్యముంటుంది.

మెట్రో అందుకోవాలని లేచాం. మా కవర్‌లో ఇంకా 140 మిగిలిందట. "ఫ్రైస్ తీసుకోండి సార్" అన్నాడు వెయిటర్.

"ఆ గిటారాయనకి ఇచ్చెయ్ నాన్నా" అన్నాడు బావ.

సిస్టంలో ఆ ఆప్షన్ లేదట.