స్వీయ రచనలకు స్వాగతం (ఫార్వర్డ్ చేయబడినది)

ఉగాది సంచికకు రచనలు పంపమని మా పేట తెలుగు సంఘం కార్యదర్శిగారు వాట్సాప్‌లో ప్రకటన పెట్టారు. కథలూ కవితలే కానక్కర్లేదు, మద్రాసు ఎలా వచ్చిపడ్డారో అరపేజీ రాసినా చాలన్నారు. స్వీయ రచనలే సుమా, అని నొక్కి మరీ చెప్పారు. సభ్యులు చప్పట్లతో ఏకగ్రీవంగా ఆమోదించారు. పావుగంటలో జీలకర్ర నీళ్ళ మహిమ వచ్చింది, దాని వెనకే శుభోదయం గులాబీ.

ఈ ఫార్వర్డ్ విద్యలో మనవాళ్ళను తక్కువ అంచనా వేయకూడదు. ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా 2018లో మన దేశంలో కట్టడి పెట్టారు. మరీ చేతులు మారినవాటిని 2020లో ఒక్కో చాట్‌కే పరిమితం చేశారు. మనవాళ్ళు ఒక్కొక్కరికే ఓపిగ్గా పంపుకుంటున్నారు. 1947లో ఈ ఊళ్ళోనే మొదలైన చందమామ రెండు ఫోటోలు వేసి వ్యాఖ్యలు రాయమంటే, జనం కార్డు కొని, సొంతంగా ఆలోచించి, రాసి, పోస్టు చేసేవారట. పాపం, వేరే దారి లేని రోజులు.

అయినా సంచికకు రచనలు వచ్చాయి. విప్పి చూస్తే నాలుగిళ్ళ నుంచి ఒకే కథ! వృద్ధాశ్రమంలో తండ్రి, అమెరికాలో కొడుకు, చివర్లో ఉత్తరం. రచయితల పేర్లు మాత్రం నాలుగు. ఒకరి ప్రతిలో "నచ్చితే పదిమందికి పంపండి" అనే ముగింపు కూడా ఉంది. విచారణ జరిగింది. మా తోడల్లుడు పంపాడు కాబట్టి ఇది మా ఇంటి ఆస్తి అన్నారొకరు. తెల్లారి నాలుగున్నరకే పంపాను, టైము చూసుకోండన్నారు ఇంకొకరు. మూడో ఆయన విజయవాడ తీసేసి తాంబరం పెట్టారు కనుక అనుసృజన కింద లెక్కేయమన్నారు. నాలుగో ఆవిడ కథ ఇంకా చదవలేదు, తీరిక దొరగ్గానే చదివి వాదిస్తానన్నారు. చివరికి నలుగురి ఫోటోలూ వేద్దాం, చందా ఎక్కువిచ్చినవారిది ముందు, అని అధ్యక్షులు తీర్పిచ్చారు. ఇంతలో ఒక యువకవి కోకిల, మావిచిగురు, షడ్రుచులతో కవిత సమర్పించారు. దాని కింద "మరింత భావోద్వేగంగా కావాలంటే మార్చి ఇస్తాను" అని కవిగారే హామీ ఇచ్చారు.

నిజంగా రాసింది ఒక్కావిడ. సైదాపేటలో క్యారియర్లు కట్టి బతికే మనిషి. 2015 డిసెంబరు వరదలో ఇంట్లోకి నడుంలోతు నీళ్ళొస్తే, తేలిపోతున్న గ్యాసు బండను పాతచీరతో కిటికీ ఊచకు కట్టేసిందట. తర్వాత ఆ బండనూ స్టవ్వునూ మేడ మీదికి మోసుకెళ్ళి, అంతకుముందు పలకరించనైనా పలకరించని వాటాలవాళ్ళందరికీ ఉప్మా చేసి పెట్టిందట. తమిళ బడిలో చదువుకుని, తెలుగు అక్షరాలు ఇంట్లో కూడబలుక్కుని నేర్చుకుంది. ఒత్తులు తప్పాయి. రిటైరైన మాస్టారొకరు "ముందు ఒత్తులు నేర్చుకోండమ్మా" అని నవ్వుబొమ్మ తగిలించారు. పదకొండు మంది ఆ నవ్వుకు బొటనవేలు ఎత్తారు. రాత్రికి ఆవిడ ఆ పేజీ తీసేసింది.

సిగ్గుండాలి! తమిళనాడులో తెలుగు మాతృభాష అని 2011 జనాభా లెక్కల్లో చెప్పుకున్నవాళ్ళు 42 లక్షల పైచిలుకు. ఎలా బతికారో ఒక్క మనిషి చెప్పబోతే నోరు నొక్కేశారు. పైగా మర్నాడు అదే మాస్టారు "తెలుగు చచ్చిపోతోంది" అని ఫార్వర్డ్ పెట్టారు. అందులో ఒత్తులన్నీ సక్రమంగానే ఉన్నాయి, ఎవరు రాశారో గానీ.

మాస్టారూ, ఆ పేజీ మళ్ళీ పెట్టమని ఆవిణ్ణి అడగాల్సింది మీరే. సైదాపేట వెళ్ళి అడగండి. ఒప్పుకుంటే అచ్చు ఖర్చూ మీరే పెట్టుకోండి, పెన్షన్ వస్తోందిగా.